చాంఫర్ అంటే పోయిన అంచు: పనివాళ్ల మాటకు పుట్టిల్లు వెతకడం ఎలా

డ్రాయింగ్ సెక్షన్‌లో చేరిన కొత్తలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పి మొదలుపెడతాను. గుంటలో బిగించే ఒక ప్లగ్ బొమ్మ గీసి, దాని చివర "చాంఫర్ 2", అంటే అంచును 2 మిల్లీమీటర్లు ఏటవాలుగా కోయమని, మాత్రం రాసి లేత్ మీదికి పంపాను. లేత్ నడిపే టర్నర్ బాబాయ్ చేయి తిరిగిన మనిషి. ఏటవాలుగా కోసిన ముఖాన్ని కొలిచి మరీ సరిగ్గా 2 మిల్లీమీటర్లు తెచ్చాడు. తీరా బిగించబోతే ప్లగ్ అడుగు దాకా దిగలేదు. కింద సన్నటి వెలుతురు గీత. అది కూర్చోవాల్సిన గుంటలో మూల 1.6 మిల్లీమీటర్ల వ్యాసార్థంతో గుండ్రం. నేను కోరింది అంచు నుంచి రెండు వైపులా 2. బాబాయ్ తెచ్చింది వాలు మీద 2, అంటే అంచు నుంచి 1.41 మాత్రమే. ఆ గుండ్రం తగులుకుంది.

"చాంఫర్ అంటే కోశాక మిగిలిన ముఖమా నాయనా, కోస్తే పోయిన మూలా?" అన్నాడు బాబాయ్.

నా దగ్గర జవాబు లేదు. కొలత రాయనిది నేను కాబట్టి ఆయన్ను అనడానికీ లేదు. ఆ రాత్రి నిఘంటువులు తిరగేస్తే తెలిసింది, జవాబు ఆ మాటలోనే ఉందని. అప్పటి నుంచి ఏ పనిముట్టు పేరు విన్నా దాని ఊరూ పేరూ కనుక్కునే అలవాటు పట్టుకుంది. ఎలా వెతుకుతానో చాంఫర్, బెవెల్ అనే రెండు మాటల మీద చూపిస్తాను. ఇదే దారిలో మీకు కావలసిన మాటను మీరూ వెతుక్కోవచ్చు.

మొదటి మెట్టు: నిఘంటువు కంటే ముందు వస్తువును చేతిలోకి తీసుకోండి

పలక లాంటి బట్టల సబ్బు బిళ్ల ఒకటి, కూరలు తరిగే కత్తి ఒకటి తెచ్చుకోండి. సబ్బు పైముఖం, పక్కముఖం కలిసే చోట పదునైన అంచు ఉంటుంది కదా, దాని మీద కత్తి వాల్చి సన్నటి పేలిక ఒకటి తీయండి. పైముఖం చాలావరకు అలాగే ఉంది, పక్కముఖమూ ఉంది, మధ్యలో సన్నటి వాలు పట్టీ ఒకటి కొత్తగా వచ్చింది. ఇది చాంఫర్.

ఇప్పుడు బిళ్లను తిప్పి, రెండో వైపు పైముఖం నుంచి అడుగు దాకా ఒకే వాలుగా కోసేయండి. పక్కముఖం మొత్తం పోయి, దాని చోట వాలు మాత్రమే మిగులుతుంది. ఇది బెవెల్. స్కూలు పిల్లల స్కేలుకు గీతలున్న వైపు అంచు వాలుగా ఉంటుంది కదా, అదీ బెవెలే. గీత కాగితానికి ఆనుకుని ఉంటే కన్ను పక్కకు జరిగినా కొలత తప్పదు. వడ్రంగి ఉలి నోరూ బెవెలే. దాన్ని సుమారు 25 డిగ్రీల వాలుకు అరగదీసి, చిట్టచివర మాత్రం 30 డిగ్రీలకు సాన పడతారు. అద్దం చుట్టూ వెడల్పుగా మెరిసే వాలు పట్టీని కూడా దుకాణాల్లో బెవెల్ అనే అంటారు. కొలతపెట్టి చూస్తే అది చాంఫర్‌కే దగ్గర, ఎందుకంటే అంచు మందం కొంత మిగిలే ఉంటుంది. వాడుక అంత శుద్ధంగా ఉండదు. మనం వెతికేది మాట పుట్టిన తీరు, వాడేవాళ్ల తప్పులు కాదు.

ఫొటో ఫ్రేము మూలలో రెండు చెక్కలు 45 డిగ్రీల దగ్గర కలిసేది మైటర్. దానికీ వాలు కోతే కావాలి, కానీ కోత ఇంకో చెక్కతో జతకట్టడానికి. వంటింటి గ్రానైట్ గట్టుకు చేసే హాఫ్ రౌండ్ వేరు, అందులో వాలు లేదు, వంపు ఉంది. ఈ నాలుగూ విడివిడిగా కళ్లముందు పెట్టుకోకుండా పుస్తకం తెరిస్తే, అన్నిటికీ "ఏటవాలు అంచు" అనే ఒకే అర్థం కనిపించి తల తిరుగుతుంది.

రెండో మెట్టు: ఆ మాటను ఎలా కొలుస్తున్నారో రాసుకోండి

నేను చాలాకాలం దాటేసిన మెట్టు ఇదే. ఒక పేరుకు అర్థం తెలియకపోతే, ఆ పేరు పక్కన ఏ అంకె రాస్తున్నారో చూడండి.

యంత్ర భాగాల బొమ్మల మీద చాంఫర్ పక్కన 2×45° అని ఉంటుంది. జపాన్ పద్ధతి బొమ్మల్లో అదే సంగతి సి2 అని ఉంటుంది. రెండింటిలోనూ 2 అంటే మొదట ఉన్న అంచు నుంచి ఎంత దూరం కోసేశామో ఆ దూరం. వాలు ముఖం వెడల్పు కాదు, అది 2.83 అవుతుంది. అంటే చాంఫర్‌ను కొలిచేది పోయినదానితో.

బెవెల్ దగ్గరికి రండి. వెల్డింగ్‌కు రెండు పలకలను ఎదురెదురుగా పెట్టేముందు వాటి అంచులు వాలుగా కోస్తారు. ఒక్కో పలకకు 30 డిగ్రీల బెవెల్ తీస్తే రెండూ కలిసి 60 డిగ్రీల వీ ఆకారం అవుతుంది. పైపుల చివర్లకు అమెరికన్ ప్రమాణం ప్రకారం 37.5 డిగ్రీలు. ఇక్కడ ముందుగా రాసేది కోణం, ఎంత పోయిందన్నది తర్వాతి మాట. అంటే బెవెల్‌ను కొలిచేది ఎంత తెరుచుకుందో దానితో. కోణం కొలిచే పనిముట్టుకు బెవెల్ ప్రొట్రాక్టర్ అనే పేరుంది. వెర్నియర్ అనే సన్న కొలతల జారుడు స్కేలు ఉన్నదైతే 5 నిమిషాల కోణం దాకా చదవొచ్చు, అంటే ఒక డిగ్రీలో పన్నెండో వంతు. అదే చాంఫర్‌కైతే మామూలుగా స్కేలో వెర్నియర్ కాలిపరో చాలు.

ఈ రెండు మాటలు కాగితం మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి: పోయినది, తెరుచుకున్నది. తర్వాత పనికొస్తాయి.

మూడో మెట్టు: పనిచేసే నోళ్ల దగ్గరికి వెళ్లండి

వర్క్‌షాపులో ఎవరూ "ఏటవాలు అంచు చేయి" అనరు. చాంఫర్ కొట్టు అంటారు. నేను పనిచేసిన చోట పెద్దవాళ్లు ఇంకో మాట అనేవాళ్లు: "చెయ్యి కోసుకుంటుంది, ఆ అంచు పదును చంపి ఇవ్వవయ్యా." ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దితే పదును చచ్చేది. చలికాలం పొద్దున్నే చలి చంపిన నీళ్లతో స్నానం చేస్తాం చూడండి, ఆ చంపడమే ఇది. ఉన్న గుణాన్ని పూర్తిగా తీసేయకుండా దాని ఉద్ధృతి తగ్గించడం. వెల్డర్లయితే బెవెల్ అనే మాట కూడా అక్కర్లేకుండా "వీ తీయి" అనేస్తారు.

ఇలాంటివి వినగానే రాసుకోవాలి. ఎవరు అన్నారు, ఏ పని చేస్తూ అన్నారు, చేయి ఎటు కదిలింది అన్నీ. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, ఇలా పల్లెల్లో రైతుల నోటి నుంచి ఏరిన మాటలతోనే తయారైంది. ఇంట్లో కూర్చుని ఊహించిన మాటకూ నాగలి పట్టిన చేతిని అడిగి రాసుకున్న మాటకూ తేడా ఆ పేజీలు తిప్పితే తెలుస్తుంది. ప్రశ్న అడిగే పద్ధతి ఒక్కటి గుర్తుంచుకోండి: "దీన్ని తెలుగులో ఏమంటారు?" అని అడగొద్దు. అలా అడిగితే అవతలివాళ్లు మీకోసం ఓ గ్రాంథికం మాట వెతుకుతారు. వస్తువు చూపించి "దీన్నేం చేయాలి?" అని అడగండి, క్రియ వస్తుంది. క్రియలోనే అసలు సంగతి ఉంటుంది.

నాలుగో మెట్టు: మాటను దాని అతుకుల దగ్గర విడదీయండి

చాంఫర్ ఇంగ్లిషులోకి 16వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రెంచిలో నామవాచకం షాన్‌ఫ్రెన్, పాత క్రియ షాన్‌ఫ్రేంద్ర్. ఆ క్రియను రెండు ముక్కలు చేయండి. మొదటి ముక్క షాన్, అంటే అంచు. రెండోది ఫ్రేంద్ర్, అంటే విరవడం. కలిపితే అంచు విరవడం.

ఇక్కడ ఆగి బాబాయ్ ప్రశ్న మళ్లీ చదవండి. కోశాక మిగిలిన ముఖమా, పోయిన మూలా? మాట చెబుతోంది, పోయిన మూల అని. చాంఫర్ అనేది ముందు ఒక పని పేరు. ఆ పని మిగిల్చిన ముఖానికి పేరు తర్వాత దక్కింది.

రెండో ముక్క లాటిన్ ఫ్రాంగెరె నుంచి వచ్చింది, విరవడం అనే అర్థంతోనే. దాని చుట్టాలు మన ఇళ్లలో ఎప్పటి నుంచో తిరుగుతున్నాయి. కాలు విరిగితే ఫ్రాక్చర్, లెక్కల్లో ముక్కలు చేసిన సంఖ్య ఫ్రాక్షన్, పార్సెల్ పెట్టె మీద పగిలే సామాను అని చెప్పే ఫ్రజైల్. ఇంగ్లిషువాళ్ల సొంత మాట బ్రేక్ కూడా ఇంకా వెనక్కి వెళితే ఇదే ధాతువుకు చేరుతుంది. యంత్ర భాగాల బొమ్మ కింద ఒక మూలన "బ్రేక్ షార్ప్ ఎడ్జెస్" అని ఒక వాక్యం ఉంటుంది, పదునైన అంచులు విరవండి అని. రోజూ ఎన్ని బొమ్మల మీద ఆ వాక్యం టైపు చేశానో లెక్కలేదు. అది చాంఫర్ అనే మాటకు ముక్కస్య ముక్క అర్థమని తెలిసిన రోజు కాసేపు చేతులు ఆగిపోయాయి. ఫ్రెంచివాడు అంచును విరిచాడు, మా షాపు పెద్దలు పదును చంపారు.

మొదటి ముక్క షాన్ సంగతి ఇంకా తిరకాసు. అది లాటిన్‌లో కాంతుస్, బండిచక్రానికి వేసే ఇనుప కట్టు. చక్రపు అంచు అని కూడా. మన ఎడ్లబండి చక్రానికి కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి తొడిగే ఇనుప పట్టా ఉందే, అదన్నమాట. ఈ కాంతుస్ తమ సొంత మాట కాదని రోమన్లకే అనుమానం ఉండేది. 1వ శతాబ్దంలో క్వింటిలియన్ అనే అలంకార శాస్త్రజ్ఞుడు దీన్ని ఆఫ్రికా మాటో స్పెయిన్ మాటో అన్నాడు. ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది కెల్టిక్ భాషల వైపు వేలు చూపిస్తారు, వెల్ష్ భాషలో చక్రపు అంచుకు ఇలాంటి మాటే ఉంది కాబట్టి. ఇదే మాట ఇంకో దారిలో ఇంగ్లిషులో కాంట్ అయింది, ఒరిగి ఉండటం అని. రైలు మలుపు తిరిగే చోట బయటి పట్టాను లోపలి దానికంటే ఎత్తుగా వేస్తారు, ఆ ఎత్తును రైల్వేవాళ్లు కాంట్ అంటారు. చక్రం అంచు దగ్గర పుట్టిన మాట మళ్లీ చక్రం కిందికే చేరింది.

ఐదో మెట్టు: తేదీలతో పాటు అర్థాలు కూడా మారాయేమో చూడండి

నిఘంటువులో ఒక మాట కింద అర్థాలు వరసగా ఉంటే, మొదటిది ఇప్పటిదీ చివరిది పాతదీ అనుకోకండి. పెద్ద చారిత్రక నిఘంటువుల్లో పాతదే ముందుంటుంది. ఇంగ్లిషు చాంఫర్‌కు తొలిరోజుల అర్థం రాతిలో, చెక్కలో తొలిచిన సన్నటి గాడి. ఇప్పుడు మనం వాడే వాలు అంచు అనే అర్థం తర్వాత స్థిరపడింది. గాడి తొలిచినా అంచు విరిచినా వస్తువులోంచి కొంత పోతుంది కదా. ఆ పోవడమే రెండు అర్థాలనూ కలిపే దారం అని నేననుకుంటాను.

ఆరో మెట్టు: దొంగ చుట్టాలను గుమ్మం దగ్గరే ఆపండి

మాటల పుట్టుక వెతికేవాళ్లలో సగం మంది జారిపడేది ఇక్కడే, మన తెలుగువాళ్లం మరీనూ. ఫ్రాంగెరె అనగానే భంగం, భగ్నం గుర్తొస్తాయి. అర్థం ఒకటే, శబ్దమూ దగ్గరే. కానీ ఫ్రాంగెరె ధాతువులో ఉన్న రకారం సంస్కృత భంజ్‌లో లేదు. భాషాశాస్త్రజ్ఞులు వీటిని రెండు వేర్వేరు ధాతువులుగా లెక్కవేస్తారు. సంస్కృతం, లాటిన్ చుట్టాలే గానీ ఈ రెండు మాటల్నీ కట్టేయడానికి అది చాలదు.

ఇంకోటి దీనికంటే ఆకర్షణీయం. లాటిన్ కాంతుస్‌ను పోలిన మాట గ్రీకులో ఉంది, కాంథోస్, అంటే కంటి కొన. కంటి డాక్టర్లు ఇప్పటికీ కన్ను మూలను కాంథస్ అనే అంటారు. కాంథోస్, కంటి... వెంటనే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది, గ్రీకులకు మాట ఇచ్చింది మనమే అని నలుగురికీ పంపడానికి. ఆగండి. తెలుగులో కంటి అనేది కన్ను అనే మాటకు విభక్తి ముందు వచ్చే రూపం. ఆ టకారం మన వ్యాకరణం తెచ్చింది, మాట మూలంలో లేదు. గ్రీకు మాటలోని థకారం దాని సొంతం. చూడటానికి ఒకేలా ఉన్న రెండు మాటలను కలపాలంటే, అలాంటి జతలు ఇంకా పది చూపించాలి, అక్షరాల మార్పుకు ఒక క్రమం కనిపించాలి. ఒక్క జత అంటే యాదృచ్ఛికమే అనుకోవాలి.

దొంగ చుట్టాలు ఫ్రెంచివాళ్లకూ ఉన్నాయి. షాన్ అనే ఉచ్చారణకు వాళ్ల భాషలో అంచు, పాట, పొలం మూడు అర్థాలు, మూడు వేర్వేరు మాటలు. ఇటుకను అంచు మీద నిలబెట్టి పేర్చడాన్ని అంచు అనే మాటతో రాయాల్సింది, పొలం అనే మాట స్పెల్లింగుతో రాసేవాళ్లు ఎంతమందో. అలాగే షాన్‌ఫ్రెన్ అంటే యుద్ధగుర్రం ముఖానికి కట్టే కవచం కూడా. ఫ్రెంచి నిఘంటువులు దాన్ని వేరే మాటగా వేరే చోట పెడతాయి. ఒక నిఘంటువులో ఒకే మాట పక్కన 1, 2 అని అంకెలు కనిపిస్తే అర్థం ఇదే, ఇద్దరు మనుషులకు ఒకే పేరు.

ఏడో మెట్టు: నక్షత్రం గుర్తు కనిపిస్తే నెమ్మదించండి

బెవెల్ అనే మాట పుట్టుక చాంఫర్ అంత తేటగా లేదు. ఇది కూడా పాత ఫ్రెంచి నుంచే వచ్చింది. ఆధునిక ఫ్రెంచిలో బివో అనే పనిముట్టు ఉంది, రాతిపనివాళ్లు కోణం పట్టుకోవడానికి వాడే రెండు చేతుల సాధనం. అంతకు ముందు బైవెల్ అనే రూపం ఉండి ఉంటుందని నిఘంటువులు చెబుతూ ముందు ఒక నక్షత్రం పెడతాయి. నక్షత్రం అంటే, ఈ రూపం ఏ రాతలోనూ దొరకలేదు, మేం లెక్కగట్టి కూర్చాం అని ఒప్పుకోవడం. దాని వెనక నోరు తెరవడం అనే అర్థమున్న బెయే అనే క్రియ ఉండొచ్చని ఒక ఊహ. కచ్చితం కాదు. మీ నోట్సులో కూడా "ఉండొచ్చు" అనే మాట తుడిచేయకండి.

ఊహే అయినా ఎందుకు నచ్చుతుందో చూడండి. బెవెల్ గేజ్ చేతిలోకి తీసుకుంటే ఒక పిడి, దానికి స్క్రూ మీద తిరిగే ఒక నాలుక. తెరిస్తే అచ్చం నోరే. మూలమట్టం లంబకోణానికే కట్టుబడి ఉంటుంది, ఇది ఎంత కావాలంటే అంత తెరుచుకుంటుంది. అదే క్రియ నుంచి ఇంగ్లిషు బే కూడా వచ్చింది, గోడలో తెరిచిన ఖాళీ. రోడ్డు పక్కన బస్సు ఆగడానికి లోపలికి తీసిన జాగాను బస్ బే అంటున్నామే, ఆ బే. వెల్డింగ్‌కు పలకల అంచులు వీ ఆకారంలో తెరవడం గుర్తుంది కదా, పెద్దక్షరాలతో రాసుకున్న రెండో మాట? తెరుచుకున్నది.

ఇంతా చెప్పి ఒక హెచ్చరిక. చాంఫర్‌ను దూరంతోనూ బెవెల్‌ను కోణంతోనూ కొలవడానికి వాటి పుట్టుక కారణం అని నేననడం లేదు. కొలతలు పని అవసరాన్ని బట్టి వచ్చాయి. మాట పుట్టిన నాటి చేతికదలిక ఈనాటి పనిలోనూ మిగిలి ఉంది, అంతే. పుట్టుక ఆధారంగా ఇప్పటి వాడుకను దిద్దడానికి పోతే, బొమ్మ మీద కొలత రాయకుండా పంపిన నాలాగే అవుతుంది.

ఎనిమిదో మెట్టు: మన మాటల్లో ఆ భావం ఎక్కడుందో చూడండి

ఏటవాలు అనే మాట అందరికీ తెలుసు. అందులోని వాలు ఇంకా ఎన్నో చోట్ల ఉంది: వాలు కుర్చీ, వాలు చూపు, పొద్దు వాలడం. కానీ నాకు బాగా నచ్చిన మాట ఓర. ఓరచూపు అంటే పక్కకు వాల్చిన చూపు. తలుపు ఓరగా తీసి పెట్టారంటే మూయకుండా, బార్లా తెరవకుండా సందుగా ఉంచారని. ఓరవాకిలి అంటాం. కన్నడంలో ఓరె అంటే వాలు, తమిళంలో ఓరం అంటే అంచు. అంచు, వాలు, కొద్దిగా తెరుచుకోవడం, ఈ మూడూ ఒకే చిన్న శబ్దం చుట్టూ తిరుగుతున్నాయి. బెవెల్‌కు ఫ్రెంచి పండితులు ఊహించి నక్షత్రం పెట్టుకున్న భావం, మా నాయనమ్మ "తలుపు ఓరగా వేసి రా" అన్నప్పుడల్లా నోట్లోంచి వచ్చేది.

అలాగని డ్రాయింగ్ మీద ఓర 30° అని రాయమని చెప్పను. షాపులో బెవెల్ అంటే పని జరుగుతుంది, ఓర అంటే నవ్వుతారు. బొమ్మ మీద చాంఫర్, బెవెల్ అనే రాయండి. ఐటీఐ పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు మాత్రం ఒకటి పదును చంపడం, ఇంకోటి ఓరగా తెరవడం అని చెప్పి చూడండి. రెండూ ఎప్పటికీ కలిపేసుకోరు.

చివరి మెట్టు: మాటను చేత్తో సరిచూసుకోండి

ఒక టేకు ముక్క తీసుకోండి, జానెడు పొడవు చాలు. పైముఖం మీదా పక్కముఖం మీదా అంచుకు సరిగ్గా 3 మిల్లీమీటర్ల దూరంలో పెన్సిల్‌తో గీతలు గీయండి. మేకుతో గీయకండి, ఆ గాటు తర్వాత పోదు. ముందు చెక్క చివరల మీద, అంటే నారకు అడ్డంగా ఉన్న అంచులు తీయండి. అడ్డంగా తీసేటప్పుడు చివరన పెచ్చు లేస్తుంది. లేచినా తర్వాత పొడవు అంచు తీసినప్పుడు ఆ పెచ్చు కూడా పోతుంది. ఈ వరస తిరగేసి చేస్తే పెచ్చు అలాగే నిలిచిపోతుంది.

ఇక పొడవు అంచు. చిత్రికను 45 డిగ్రీలకు వాల్చి, ఎడమచేతి వేళ్లు చెక్క పక్కముఖానికి ఆనించి, ఒకే ఊపులో ఈ చివర నుంచి ఆ చివరకు తోయండి. మొదటి పేలిక దారమంత సన్నగా వస్తుంది. రెండోది దానికంటే కాస్త వెడల్పు. పై గీతా పక్క గీతా రెండూ ఒకేసారి చిత్రిక కిందికి చేరితే చేయి సరిగా ఉన్నట్టు. ఒక గీత ముందే మాయమైతే చిత్రిక ఆ వైపు ఒరిగింది. కొత్తగా వచ్చిన వాలు పట్టీ మీద స్కేలు పెట్టి కొలవండి. 3 రాదు. 4.2 దగ్గర వస్తుంది.